మద్యం, యౌవనం, వివేకం

విద్యార్థి దశను వసంత ఋతువుతో పోల్చడం మన పెద్దలకు పరిపాటి. చిగురు వేసే కాలంలోనే చీడ కూడా సోకుతుందని రైతుకు తెలుసు. చీడ పేరు పలకకుండా ఉంటే పైరు బాగుపడుతుందని ఏ రైతూ భ్రమపడడు. కాని విద్యాసంస్థలలో మనం చేస్తున్నది తరచుగా అదే. యువకులలో వ్యాపిస్తున్న మద్యపానాన్ని గురించి, మత్తులో సంభవించే క్షణిక లైంగిక సంబంధాలను గురించి ప్రస్తావన రాగానే పెద్దలు ముఖం తిప్పుకుంటారు, విద్యార్థులు నవ్వి ఊరుకుంటారు. ఆ మౌనానికి, ఆ నవ్వుకు మధ్య కొన్ని నిండు జీవితాలు నలిగిపోతున్నాయి. అందుచేత ఈ విషయాన్ని మర్యాద తప్పకుండా, దాపరికం లేకుండా వివరించడం మా కర్తవ్యమని భావించి ఈ వ్యాసానికి పూనుకున్నాము.

చాపాడు కుందూ తీరపు సేద్యపు సీమ. ఇటు ప్రొద్దుటూరు, అటు మైదుకూరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల నుండి వచ్చిన యువతీ యువకులు కొందరు బస్సులలో ప్రయాణిస్తూ, కొందరు వసతి గృహాలలో, మరికొందరు పట్టణంలో అద్దె గదులలో ఉంటూ చదువుకుంటారు. ఇంటి కట్టుబాటు ఒక్కసారిగా సడలిపోయే సమయం ఇది. సంపాదన లేకపోయినా స్వేచ్ఛ ఉంటుంది. అనుభవం లేకపోయినా ధైర్యం ఉంటుంది. స్నేహితుని పుట్టినరోజు, పరీక్షలు ముగిసిన రాత్రి, క్రొత్తగా చేరిన వారికి "స్వాగతం" అనే నెపం, ఏదో ఒక సందర్భంలో తొలి గ్లాసు చేతికి వస్తుంది. పట్టణమైనా పల్లె అయినా, మన జిల్లా అయినా మరొక జిల్లా అయినా ఈ పరిస్థితి ఒక్కటే.

ఈ అలవాటు ఎంత విస్తృతమైనదో ఒక లెక్క చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం కోరగా ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ జరిపిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో 10 నుండి 75 ఏండ్ల వయస్సు గలవారిలో 14.6 శాతం, అనగా సుమారు 16 కోట్ల మంది మద్యం సేవిస్తున్నారు. పురుషులలో ఇది 27.3 శాతం, స్త్రీలలో 1.6 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2019వ సంవత్సరంలో మద్యం కారణంగా ప్రపంచంలో 26 లక్షల మంది మరణించారు. అయితే ఈ లెక్కలలోనే మరొక సత్యమూ ఉన్నది. మన దేశంలో అత్యధికులు మద్యం త్రాగనివారే. "అందరూ త్రాగుతున్నారు, నీవొక్కడివే వెనుకబడ్డావు" అని మిత్రుడు చెప్పే మాట అసత్యమని విద్యార్థి ముందుగా గ్రహించాలి.

మన పూర్వులు ఈ సమస్యను ఎదుర్కొన్న తీరు

ఇది నేడు పుట్టిన సమస్య కాదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ఆంగ్ల విద్య నేర్చిన యువకులలో త్రాగుడు, భోగం మేళాల మోజు నాగరికతా చిహ్నాలుగా చెలామణి అయిన కాలం ఉన్నది. గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కం" నాటకం తొలిసారి ప్రదర్శింపబడింది 1892లో. ఆ నాటకంలోని గిరీశం ఆ కాలపు చదువుకున్న యువకుని డాంబికానికి ప్రతిబింబమే. ఆ రోజులలోనే రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు (1862-1939) సాంఘిక పవిత్రతోద్యమాన్ని నడిపారు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేస్తూ, విద్యార్థులను మద్యానికి, భోగం మేళాలకు దూరంగా ఉండవలసినదిగా ప్రబోధించారు. తరువాత 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనారు. ఆ మహనీయుని ఉద్యమంలో మాకు ముఖ్యంగా తోచిన అంశం ఒకటున్నది. శీలాన్ని గురించిన బాధ్యతను ఆయన స్త్రీల మీద మోపి పురుషులను విడిచిపెట్టలేదు. తన ముందు కూర్చున్న యువకులనే నిగ్రహం కోరారు. తమ కళాశాలలో బాలికలకు ప్రవేశం కల్పించారు కూడా. బాలికలను దూరంగా ఉంచితే బాలురు పవిత్రులవుతారని ఆయన తలచలేదు.

మన కడప జిల్లాకు మద్యనిషేధ చరిత్రలో ఒక విశిష్ట స్థానం ఉన్నది. 1937లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధ శాసనం చేసి, మొదట సేలం జిల్లాలో అమలు జరిపింది. 1938లో దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసింది. తెలుగు ప్రాంతంలో అధికారికంగా మద్యం మానిన తొలి జిల్లాలలో మనది ఒకటన్నమాట. తరువాతి కథ ఎగుడుదిగుడులతో నిండినది. 1954లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం మద్యనిషేధ వివాదంపైననే శాసనసభలో ఓడిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన స్త్రీలు తమ వాచకంలోని పాఠం ద్వారా త్రాగుడు మూలంగా కుటుంబాలు పడుతున్న దుర్దశను చర్చించుకున్నారు. రోసమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నిలిచి సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతటా ప్రాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు.

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినది ఏమిటి? ప్రభుత్వాలు దుకాణాలను మూయవచ్చు, తెరవవచ్చు. దుకాణం తెరిచి ఉన్న రోజున కూడా వద్దని చెప్పగల శక్తి మనిషికి తెలివిడి వలననే వస్తుంది. దూబగుంట స్త్రీలకు ఆ తెలివిడి పలక, బలపం పట్టిన నాడు కలిగింది. పట్టభద్రులు కాబోతున్న మనకు అది కలగకపోవడం చదువుకే అవమానం.

మద్యం శరీరంలో ఏమి చేస్తుంది?

మద్యంలోని ప్రధాన పదార్థం ఇథైల్ ఆల్కహాలు. త్రాగిన కొద్ది నిమిషాలలోనే అది రక్తంలో కలిసి మెదడును చేరుతుంది. దానిని విరిచి బయటకు పంపవలసిన భారం ముఖ్యంగా కాలేయానిది. కాలేయం తొందరపడదు, సగటున గంటకు 7 నుండి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే అది విరచగలదు. ఈ లెక్కను విద్యార్థులు ఒకసారి స్వయంగా వేసి చూడాలి. క్వార్టరు సీసా అనగా 180 మిల్లీలీటర్లు. మన దేశంలో బ్రాందీ, విస్కీ వంటి వాటిలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు ఉంటుంది. ఆ క్వార్టరులో ఉన్న ఆల్కహాలు సుమారు 60 గ్రాములు. అది పూర్తిగా విరగడానికి 6 నుండి 8 గంటలకు పైగా పడుతుంది. బీరు ప్రమాదం లేనిదని కొందరి నమ్మకం. 8 శాతం ఆల్కహాలు గల 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో సుమారు 40 గ్రాములు ఉంటుంది. ఒక క్వార్టరులో మూడింట రెండు వంతులన్నమాట.

మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం మత్తును దింపుతాయని లోకంలో ఒక వాడుక. ఇవి ఏవీ కాలేయపు పనిని వేగిరపరచలేవు. కాఫీ త్రాగినవాడు మెలకువగా ఉన్న మత్తుడు మాత్రమే అవుతాడు. అతడే మోటారు సైకిలు ఎక్కి అర్ధరాత్రి ప్రొద్దుటూరు బాట పట్టినప్పుడు ఆపద తనకొక్కనికే పరిమితం కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండి వాహనం నడపడం నేరం. తొలి తప్పుకే 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధింపవచ్చు.

మెదడులో ముందుగా మందగించేది నుదుటి వెనుక భాగం. మంచిచెడులను తూచడం, కోరికను అదుపులో ఉంచడం, రేపటిని గురించి ఆలోచించడం ఆ భాగపు విధులు. అది పూర్తిగా పరిణతి చెందడానికి సుమారు 25 ఏండ్లు పడుతుందని నాడీ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. కనుక 19 ఏండ్ల యువకునిలో మద్యం ఇంకా కట్టడం పూర్తికాని ఇంటి మీద పడిన పిడుగు వంటిది. త్వరత్వరగా అధికంగా త్రాగినప్పుడు జ్ఞాపకాలను భద్రపరచే భాగం కూడా పని మానివేస్తుంది. మనిషి మాట్లాడుతూ నడుస్తూనే ఉంటాడు, కాని మరునాడు అతనికి ఏమీ గుర్తుండదు. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏండ్లు నిండనివారికి మద్యం అమ్మరాదని చట్టం విధించినది ఈ కారణాల వెలుగులో చూస్తే సమంజసమే.

మత్తులో కలిగే కోరిక, మత్తులో తీసుకునే నిర్ణయం

ఇక రెండవ విషయానికి వద్దాము. మద్యానికి, తొందరపాటు లైంగిక సంబంధాలకు గల అనుబంధాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు లోతుగా పరిశీలించారు. 1990లో క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతాన్ని వివరించారు. దానిని మనం "మద్య హ్రస్వదృష్టి" అనవచ్చు. హ్రస్వదృష్టి గలవానికి దగ్గరి వస్తువు స్పష్టంగా, దూరపు వస్తువు మసకగా కనిపిస్తుంది. మత్తులో ఉన్నవాని మనస్సుకు కూడా అంతే. ఎదుట ఉన్న ఆకర్షణ స్పష్టంగా కనిపిస్తుంది. గర్భం, వ్యాధి, చట్టం, తల్లిదండ్రులు, ఎదుటి మనిషి రేపు పడబోయే వేదన, ఇవన్నీ దూరమై మసకబారుతాయి. మద్యం క్రొత్త ధైర్యాన్ని ఇవ్వదు. భయపడవలసిన దానిని కంటికి కనపడకుండా చేస్తుంది.

అంతేకాదు. 1973లో అలన్ మార్లట్, ఆయన సహచరులు ప్రకటించిన ఒక ప్రయోగంలో కొందరికి మద్యం లేని పానీయం ఇచ్చి అందులో మద్యం ఉన్నదని చెప్పారు. మరికొందరికి మద్యం ఇచ్చి లేదని చెప్పారు. ఎంత త్రాగారనేది లోపల ఉన్న పదార్థాన్ని బట్టి గాక, వారు నమ్మిన దానిని బట్టి నిర్ణయమయింది. నమ్మకానికి అంత బలం ఉన్నది. "త్రాగాను, అందుచేత అలా ప్రవర్తించాను" అనే మాటలో సగం సాకు అని మనం నిర్భయంగా చెప్పవచ్చు. చట్టం కూడా ఆ సాకును అంగీకరించదు. తనంతట తాను త్రాగినవానికి ఆ మత్తు నేరం నుండి విముక్తి కలిగించదు.

ఇక్కడ ప్రతి యువకుడూ కంఠస్థం చేయవలసిన చట్టం ఒకటున్నది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 63వ సెక్షన్ ప్రకారం, మత్తు వలన తాను దేనికి ఒప్పుకుంటున్నదో, దాని ఫలితం ఏమిటో గ్రహించలేని స్థితిలో ఉన్న స్త్రీ చెప్పిన "సరే" సమ్మతి కాదు. ఆ స్థితిలో జరిగిన సంభోగం అత్యాచారమే. ఆమె ప్రతిఘటించలేదు గనుక ఒప్పుకున్నట్లే అను వాదం కూడా చెల్లదు. ఇదే సూత్రం పూర్వపు శిక్షాస్మృతిలోనూ ఉన్నది. 18 ఏండ్లు నిండని వారి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం సమ్మతి అనే ప్రశ్నే ఉదయించదు. ఇంటర్మీడియట్ చదివే వారిలో అత్యధికులు ఈ వయస్సు లోపలివారే. కాబట్టి సంగ్రహంగా చెప్పాలంటే, మత్తులో తూలుతున్న మనిషి మన బాధ్యత గాని, మన అవకాశం కాదు.

శరీరానికి కలిగే హాని మరొకటి. మత్తులో జరిగే కలయికలో రక్షణ సాధనం మరచిపోవడం సర్వసాధారణం. దాని ఫలితంగా సిఫిలిస్, గనేరియా వంటి సుఖవ్యాధులు, హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. సోకే అవకాశం ఉన్నది. ఇవి అనేక సందర్భాలలో బయటకు ఏ లక్షణమూ చూపవు. మనిషి ఆరోగ్యంగా కనిపించినంత మాత్రాన నిశ్చింత లేదు. హెచ్.ఐ.వి. సోకిన వెంటనే పరీక్షలో బయటపడకపోవచ్చు. కొన్ని వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. సోకే ప్రమాదం కలిగిందన్న అనుమానం ఉంటే 72 గంటల లోపల వైద్యుని వద్దకు వెళ్తే నివారణ మందులు ఇస్తారు. ఎంత తొందరగా వెళ్తే అంత మేలు. అవాంఛిత గర్భాన్ని నివారించే అత్యవసర మాత్ర కూడా అంతే. 72 గంటల లోపల, వీలైనంత త్వరగా వేసుకోవాలి. హెచ్.ఐ.వి.కి ప్రభుత్వ కేంద్రాలలో 2004 నుండి ఉచితంగా మందులు ఇస్తున్నారు. క్రమం తప్పక వాడినవారు దీర్ఘకాలం ఆరోగ్యంగా జీవిస్తున్నారు.

శిక్ష ఒక్కటే మందు కాదు

ఇస్లాం మద్యాన్ని నిషేధించింది. గాంధీజీ తన నిర్మాణ కార్యక్రమంలో మద్యనిషేధాన్ని చేర్చారు. మన రాజ్యాంగంలోని 47వ అధికరణం మత్తు పదార్థాల నిషేధానికి కృషి చేయవలసినదిగా రాజ్యాన్ని ఆదేశించింది. ఈ ఆదర్శాలను గురించి మాకు ఏ సందేహమూ లేదు. మద్యం వద్దు అనడమే మా సలహా. అయితే ఆదర్శం తప్పినవాని గతి ఏమిటి అనే ప్రశ్నకు కూడా విద్యాసంస్థ సమాధానం చెప్పవలసి ఉన్నది. ఆ సమాధానంపై ఒక్కొక్కప్పుడు ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ఒక వసతి గృహంలో అర్ధరాత్రి ఒక విద్యార్థి మితిమీరి త్రాగి స్పృహ తప్పాడనుకుందాము. మిత్రులు ఏమి చేస్తారు? వార్డెనుకు తెలిస్తే బహిష్కరిస్తారు, ఇంటికి తెలిస్తే చదువు ఆగుతుంది అని భయపడతారు. నిద్రపోతే అదే దిగుతుందిలే అని దుప్పటి కప్పి వెళ్తారు. కడుపులో ఉన్న మద్యం అతడు నిద్రించిన తరువాత కూడా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడు వాంతి చేసుకుంటే అది శ్వాసనాళంలో చిక్కి ఊపిరి ఆగవచ్చు. పిలిచినా, గట్టిగా కదిలించినా లేవకపోవడం, శ్వాస మెల్లగా లేక ఆగి ఆగి ఆడటం, శరీరం చల్లబడి పెదవులు నీలంగా మారడం ప్రాణాపాయ సూచనలు. అటువంటి వానిని ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలరాదు, బలవంతంగా ఏదీ త్రాగించరాదు, వెంటనే 108కి ఫోను చేయాలి. ఆ ఫోను చేయడానికి అడ్డు వచ్చే క్రమశిక్షణ క్రమశిక్షణ కాదు.

యువతి విషయంలో ఈ భయం నూరింతలు. మత్తులో ఆమెకు అన్యాయం జరిగినా ముందుగా ప్రశ్నలు ఎదురయ్యేది ఆమెకే. ఎందుకు వెళ్ళావు, ఎవరితో వెళ్ళావు అని. యువకుని చదువు కొనసాగుతుంది. ఆమె చదువు మాన్పించి పెళ్ళి చేస్తారు. ఈ భయం వలననే ఎందరో ఆడపిల్లలు వైద్యం కూడా చేయించుకోక మౌనంగా ఉండిపోతారు. అన్యాయం చేసినవానికి ఆ మౌనమే కోట. బాధితురాలికి తక్షణం ఉచిత వైద్యం అందించవలసిన బాధ్యత ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ చట్టం విధించింది. ఆమె పేరు వెల్లడించడం నేరం. 2015 నాటి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థలలో లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే అంతర్గత సంఘం ఉండాలి.

ర్యాగింగు పేరిట జూనియర్లచేత బలవంతంగా త్రాగించడం మరొక దుష్టాచారం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. అయినా 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక వైద్య కళాశాలలో త్రాగిన సీనియర్ల దెబ్బలకు ఒక యువకుడు బలియైనాడు. ఆ ఏడాదే విశ్వవిద్యాలయాల నిధుల సంఘం దేశమంతటికీ వర్తించే కఠిన నిబంధనలు చేసింది.

కళాశాల పాలక సంఘం పెద్దలకు మేము సవినయంగా మూడు విన్నపాలు చేస్తున్నాము. మొదటిది: ఆపదలో ఉన్న మిత్రుని కోసం సహాయం కోరిన విద్యార్థిని ఆ కారణంగా శిక్షింపబోమని స్పష్టంగా ప్రకటించాలి, రక్షింపబడిన వానికి మొదట వైద్యం, తరువాత సలహా, ఆ తరువాతనే విచారణ జరగాలి. రెండవది: ప్రతి విద్యా సంవత్సరం ప్రారంభంలో ఒక వైద్యునిచేత, ఒక న్యాయవాదిచేత మద్యం, సమ్మతి, సుఖవ్యాధులను గురించి తెలుగు, ఉర్దూ భాషలలో యువతీ యువకులిద్దరికీ ప్రసంగాలు ఇప్పించాలి. మూడవది: ఫిర్యాదు చేయవలసిన ఉపాధ్యాయురాలి పేరు, సహాయపు ఫోను నంబర్లు అందరికీ కనిపించేచోట వ్రాసి ఉంచాలి. మానసిక వేదనకు టెలీ-మానస్ 14416, హెచ్.ఐ.వి. సమాచారానికి 1097, మత్తు వ్యసనానికి 14446 నంబర్లు ఉన్నాయి.

సోదర సోదరీమణులారా! వద్దు అని చెప్పడానికి ఉపన్యాసం అవసరం లేదు. "నాకు అలవాటు లేదు" అనే ఒక్క మాట చాలు. అది విన్న తరువాత కూడా బలవంతపెట్టేవాడు మిత్రుడు కాడు. మీ బృందంలో ఒకరు త్రాగి ఉంటే వారిని ఒంటరిగా పంపకండి, బండి తాళాలు వారి చేతికి ఇవ్వకండి. మత్తులో ఉన్న ఆడపిల్లను ఎవరైనా ప్రక్కకు తీసుకుపోతుంటే చూసీ చూడనట్లు ఊరుకోకండి. ఆమెను ఇల్లు చేర్చండి. మనలను పొలం అమ్మి, నగ తాకట్టు పెట్టి చదివిస్తున్న తల్లిదండ్రులు కోరేది ర్యాంకు ఒక్కటే కాదు. పంపిన బిడ్డ పంపినట్లే తిరిగి ఇల్లు చేరాలని వారి మొదటి కోరిక. ఆ కోరికను ఒకరికొకరం కాపాడుకోవడం మన చేతిలోనే ఉన్నది.